మా మామ మింగబోయిన పట్వారి

చేపలను సాదడం అంటే మా బజారులో అందరికీ తెలిసిన అర్థం ఒక్కటే. మృగశిర కార్తె దాకా బతకనిచ్చి, ఆ పొద్దు చింతపులుసులో వెయ్యడం. అట్లాంటి చోట నేను అద్దాల తొట్టిలో బొటనవేలి గోరంత చేపలను పెట్టుకొని, వాటికి నత్తలు ఏరి వేస్తున్నానంటే ఎవరు ఊరుకుంటారు? మొగుడు ఎప్పుడు చూసినా లారీ మీదే ఉంటే పాపం ఆడది ఏం చేస్తుంది, ఏదో ఒక పిచ్చి పట్టాలి కదా అని నల్లగొండలో మా సందు సందంతా నా మీద జాలిపడింది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చి, కొలతలు ఇస్తూ ఇస్తూ జాలిపడేవాళ్ళు. వాళ్ళ నడుము కొలతలు చూసి నేనూ జాలిపడేదాన్ని.

ఆ చేపలను తెచ్చింది కూడా నా మొగుడే. పేరు జానయ్య. మిర్యాలగూడ బియ్యం లారీకెత్తుకొని కేరళకు పోయి వస్తుంటాడు. అందరి మొగుళ్ళు అక్కడి నుంచి కొబ్బరినూనె, అరటికాయ చిప్సు తెస్తారు. నా మొగుడు తొంభై మూడు దీపావళి ముందర ఒక ప్లాస్టిక్ సంచి నిండా ఏటి నీళ్ళు తెచ్చాడు. ఆ నీళ్ళలో పసుపుపచ్చ ఒంటి మీద నల్ల మచ్చలున్న చేపలు అరడజను. ఏటి ఒడ్డున చాయ్ దుకాణం ఆయన పట్టి ఇచ్చాడట. భయపడితే నీళ్ళు తాగి బుగ్గలాగా ఉబ్బుతాయట. ఇంతకంటే పెరగవట. వాటి ఒంట్లో విషం ఉంటుందట, అక్కడి పిల్లులు వాసన చూసి వదిలేస్తాయట.

"పిల్లి ముట్టనిదాన్ని నాకెందుకు తెచ్చినవ్?" అన్నాను.

"వాటిని చూస్తె నువ్వే యాదికొచ్చినవ్. కోపమొస్తె గట్లనే ఉబ్బుతవ్ గదా," అన్నాడు.

ఆ మాటకు నిజంగానే ఉబ్బాను. కానీ చేపలను ఉంచుకున్నాను.

ఫోటోలకు ఫ్రేములు కట్టే సర్దార్ భాయ్ అద్దాలు కోసి, అతికించి తొట్టి చేసి ఇచ్చాడు. సలహాలు అడగకుండానే ఇచ్చాడు. "ఉప్పెయ్యి చెల్లే, ఉబ్బే చేపంటే సముద్రం చేపనే," అన్నాడు. ఏటి చేప భాయ్ అంటే వినడు. రోజూ నీళ్ళన్నీ పారబోసి, తొట్టిని సబ్బు పెట్టి తోమమన్నాడు. డబ్బాలో పొడి మేత ఇచ్చాడు. ఆ మేతను చూసి నా చేపలు, మటన్ పెడతారనుకొని వస్తే పప్పు పెట్టిన అల్లుళ్ళలాగా మూతి తిప్పుకున్నాయి. నేను రోజూ తోమాను, రోజూ కొత్త నీళ్ళు పోశాను. వారం తిరగకముందే రెండు చేపలు తేలాయి.

అప్పుడు నాకు కోపం వచ్చి, కోపంలోనే బుద్ధి కూడా వచ్చింది. పానగల్ చెరువును ఏ సర్దార్ భాయ్ పోయి సబ్బు పెట్టి తోముతున్నాడు? అందులో చేపలు తరతరాలుగా బతకడం లేదా? పోయి చెరువు నుంచి నాచు, కాడల మొక్కలు తెచ్చి తొట్టి నిండా నాటాను. నల్లా నీళ్ళను ఒక పొద్దంతా బకెట్లో పెట్టి, అందులో కలిపే బ్లీచింగు మందు వాసన పోయాక గాని తొట్టిలో పొయ్యలేదు. అది కూడా వారానికి ఒకసారి, కొన్ని నీళ్ళు తీసి కొన్నే పొయ్యడం. తిని వదిలింది కుళ్ళకముందే తీసెయ్యడం. ఎండాకాలం తొట్టి చుట్టూ తడిపిన గోనె పట్టా కప్పడం. అంతే, చేపలు నిలదొక్కుకున్నాయి. ఆ నాచుతో పాటు మిరియపు గింజంత నత్తలు వచ్చాయి. వాటిని చూడగానే నా చేపలు ఎగబడి గుల్లలు పటపట కొరికాయి. ఇంత చేపకు అంత గట్టి పండ్లు. గట్టివి కొరకకపోతే ఆ పండ్లు పెరిగి నోరే మూతపడుతుందని జానయ్య మళ్ళీ పోయినప్పుడు చాయ్ ఆయనను అడిగి వచ్చి చెప్పాడు. మా బోరు నీళ్ళు తాగి నల్లగొండ జిల్లాలో మనుషుల పండ్లన్నీ గార పట్టి పాడవుతుంటే, పండ్లు మరీ ఎక్కువ పెరుగుతాయని బాధపడేది మా ఇంట్లో చేప ఒక్కటే.

నత్తలు పిల్లలు పెట్టడానికి ఒక బకెట్టు, దోమ పురుగులకు ఒక కుండ. మలేరియా మందు కొట్టేవాళ్ళు వచ్చి ఆ కుండను చూసి తిట్టారు. ఇవి నేను సాదుకుంటున్నవి, ముట్టుకుంటే మర్యాద దక్కదని చెప్పాను. వాళ్ళు కూడా జాలిపడే పోయారు.

మిగిలిన నాలుగింటిలో రెండు మగవి ఒకదాన్నొకటి కొరుక్కొని, ఒకటి పోయింది. ఒక్క తొట్టిలో ఇద్దరు మగాళ్ళు పొసగరని అప్పటికి నాకు తెలియదు, ఇళ్ళల్లో చూస్తూ కూడా. గెలిచినదానికి పట్వారి అని పేరు పెట్టాను. ఎందుకంటే దాని రెండు కళ్ళు దేని దారి దానివే. ఒక కన్ను నా మీద ఉంటే ఇంకో కన్ను నత్త మీద ఉండేది. మా చిన్నప్పుడు ఊరి భూముల లెక్కలు రాసే పట్వారి ఇంటికి వస్తే ఒక కన్ను మా నాయిన మీద, ఒక కన్ను మా పొలం మీద అట్లాగే ఉండేది. ప్రభుత్వం పట్వారీలను తీసేసి పదేళ్ళయినా నా తొట్టిలో ఒకడు మిగిలాడు.

నేను జాకెట్టు కుడుతుంటే అద్దం దగ్గరికి వచ్చి నిలబడేది. మిషను ఆగితే ఎందుకు ఆగిందన్నట్టు చూసేది. ఆ ఇంట్లో నేను చెప్పకపోయినా నా కోసం ఎదురుచూసే ప్రాణి అదొక్కటే. అందుకే దాని మీద అంత ప్రేమ, అంత పావురం. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు.

సంక్రాంతి వెళ్ళాక కేతేపల్లి నుంచి మా మామ వచ్చాడు. పేరు పర్వతాలు. బతుకంతా గొర్ల వెంట తిరిగినవాడు. దమ్ము రోగం ముదిరి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుండడంతో గొర్లు అమ్మి మా దగ్గరికి వచ్చాడు. ఊపిరి తక్కువైంది గాని నోరు తగ్గలేదు. వచ్చిన పొద్దే తొట్టి ముందు కూర్చొని అడిగాడు.

"గివ్వేం చేపలే? గింతే ఉంటయా?"

"గంతే ఉంటయ్ మామా. పెరగవు."

"పెరగనిదాన్ని సాదుడెందుకు?"

నువ్వేం పెరుగుతున్నవని సాదుతున్న మామా అని నోటి దాకా వచ్చింది. మొదటి రోజు కదా అని మింగాను. రెండో రోజు అనేశాను. ఆయనేమీ అనుకోలేదు, గట్టిగా నవ్వి, నవ్వుకు ఆయాసం వచ్చి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

ఆయనకు ఒక చెడ్డ అలవాటు పట్టింది. వేలితో అద్దం మీద టకటక కొట్టి పట్వారిని ఉబ్బించడం. సందులో పిల్లలను పిలిచి మరీ చూపించేవాడు. ఉబ్బడం దానికి ఆట కాదు, చచ్చిపోతానేమోనన్న భయం అని చెప్పాను. నీళ్ళు తాగి ఉబ్బితే మెల్లగా కక్కేసి బతుకుతుంది. నీళ్ళలోంచి పైకి తీస్తే మాత్రం గాలి మింగుతుంది. గాలి బయటికి రాదు. ఆడచేప ఒకటి అట్లాగే పోయింది. జానయ్య దాన్ని అరచేతిలోకి తీసి తన క్లీనరుకు చూపించాడు. అది పొద్దంతా బోర్లా తేలి తేలి చచ్చింది. ఆ వారం జానయ్యకు నేను అన్నం పెట్టాను గాని మాట పెట్టలేదు. ఇదంతా చెప్పాక మామ అద్దం మీద కొట్టడం మానేశాడు. కానీ గంటల కొద్దీ దాని వైపే చూస్తూ, గడ్డం గోక్కుంటూ ఏదో ఆలోచించేవాడు. అలవాటయింది, ముసలాయనకు కూడా చేప మీద పావురం పుట్టిందని నేను సంబరపడ్డాను. నా అంత తెలివిగలది ఉండదు.

ఏటా మృగశిర నాడు మామను పట్నం తీసుకపోయేది జానయ్య. అక్కడ దమ్ము రోగులకు చేప మందు వేస్తారు. బతికున్న చిన్న కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి, ఆ పిల్లను గొంతులోకి వదులుతారు. ఆ తర్వాత నెల రోజులు ఒళ్ళు తేలిగ్గా ఉంటుందని మామ అంటాడు. ఆ నెల వానలు పడి దుమ్ము అణిగి ఉంటుంది. చేప గొప్పా, వాన గొప్పా అని నేనెప్పుడూ అడగలేదు. అయితే ఆ ఏడు కేరళలో వానలు ముందే దంచికొట్టాయి. లారీ అక్కడే ఆగిపోయింది. ఆ జాతరలో, ఆ తొక్కులాటలో ముసలాయన ఒంటరిగా పోలేడు.

మృగశిర పొద్దున నేను చేపల బజారుకు బయలుదేరుతుంటే, "బతికున్న కొర్రమీను పిల్లొకటి తే కోడలా, మందు నేనే నూరుకుంట," అన్నాడు. బజారులో చూస్తే చేతి పొడుగు కొర్రమీన్లు ఉన్నాయి గాని మింగే సైజు ఒక్కటీ లేదు. పిల్లలన్నీ తెల్లారకముందే పట్నం బస్సెక్కాయి. ఆ మాట బజారుకు పోయి వచ్చిన పక్కింటామె నాకంటే ముందే ఇంటికి పోయి మామ చెవిన వేసింది.

బొచ్చె చేప ముక్కలు కొట్టించుకొని నేను ఇంట్లో అడుగు పెట్టేసరికి, మామ తొట్టి ముందు స్టూలు వేసుకొని కూర్చున్నాడు. ఎడమ చేతిలో చాయ్ వడపోసే జాలి. జాలిలో పట్వారి. కుడి చేతిలో ఇంగువ, బెల్లం, మిరియాలు కలిపి నూరిన ముద్ద. ఆ ఘాటు వాకిట్లోకే కొట్టింది.

"మామా! ఏం జేస్తున్నవ్?"

"మంచిగొచ్చినవ్. జర దీని నోరు పట్టుకో. తెరుస్తలేదు."

"దాన్ని మింగుతవా?"

"మింగక, ముద్దు పెట్టుకుంటనా?" అని, నా మొహం చూసి, తెలియనిదానికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "ఇన్నొద్దుల సంది ఊకెనే చూస్తున్ననుకున్నవా? నాది గొట్టం మూసుకపోయింది. గిది ఉబ్బే చేప. లోపటికి పోయి గొట్టంల ఉబ్బుతది. గొట్టం ఎడల్పయితది. ఎడల్పయినంక సల్లవడి కిందికి జారిపోతది. కొర్రమీనుకున్నదా గీ తెలివి?"

ఎక్కడ తప్పుందో వెతికితే ఎక్కడా దారం ఊడి కనిపించలేదు. ఇన్నేళ్ళుగా బట్టలు కుడుతున్నాను, అంత చక్కగా కుట్టిన మూర్ఖత్వం నా చేతి మీదుగా ఎప్పుడూ పోలేదు.

"గొట్టంల ఉబ్బితె నీ దమ్మే ఆగుతది మామా! దాంట్ల విషం గూడ ఉన్నది. పిల్లులు సుత ముట్టవు!"

"పిల్లికి దమ్ము రోగముంటె ముట్టుతుండె."

ఈ వాదం జరుగుతుండగానే పట్వారి జాలిలో గుక్క గుక్కగా గాలి మింగుతూ ఉంది. రేగుపండంత అయింది. తోక, రెక్కలు లోపలికి పోయి, మచ్చల చర్మం బిగుసుకొని, సన్న ముళ్ళు లేచి నిలబడ్డాయి. మామ దాన్ని చూశాడు, తన గొంతు తడుముకున్నాడు. ఆయన ముఖంలో మొదటిసారి అనుమానం కనిపించింది. అయినా వెనక్కి తగ్గితే పర్వతాలు ఎట్లా అవుతాడు? "ఉబ్బకముందే ఏసుకోవాల్సి ఉండె," అంటూ ముద్దను దాని మూతికి ఆనించాడు. పట్వారి ముద్దను వదిలి వేలును పట్టుకుంది. నత్త గుల్లలు కొరికే పండ్లు అవి. మామ కెవ్వుమని చెయ్యి విదిలించాడు. చేప తొట్టిలో పడింది, ముద్ద వెనక మండుతున్న పొయ్యిలో పడింది.

పట్వారి మునగలేదు. పొట్ట పైకి, వీపు కిందికి, బూరలాగా నీళ్ళ మీద తేలింది. కిందికి పోవాలని ఇంత తోకను ఆడిస్తుంది, పోలేదు. నేను సంచి కింద పడేసి తొట్టిలో చెయ్యి పెట్టాను. వెనక పొయ్యిలో ఇంగువ, మిరియాలు మాడి పొగ లేచింది. ఆ పొగకు మామకు దగ్గు పట్టుకుంది. దగ్గు వెనకాలే ఆయాసం. నేను వంద సార్లు చూసిన ఆయాసం కాదు ఇది. మెడ నరాలు తాళ్ళలాగా లేచాయి, పెదవులు నల్లబడ్డాయి.

"గోలీలు ఏసుకున్నవా పొద్దుగాల?"

చెయ్యి అడ్డంగా ఊపాడు. "మందుకు ముందు... దవాఖాన గోలీలు... ఉండొద్దు..."

"ఎన్నొద్దుల సంది?"

దిండు వైపు చూపించాడు.

పట్వారిని వదిలేసి లేచాను. లేవడం నాకు కష్టమైందంటే మీరు నన్ను ఏమన్నా అనుకోండి, కష్టమైంది. పొయ్యి మీద నీళ్ళు కొట్టాను, తలుపులు తెరిచాను, దిండు కింద దాచిన గోలీలు తీసి నోట్లో వేసి నీళ్ళు తాగించాను. ఈసారి మింగాడు. పక్కింట్లోకి కేకేసి ఆటో తెమ్మన్నాను. గోలీ పనిచెయ్యాలన్నా, ఆటో రావాలన్నా కొంచెం సేపు పడుతుంది. మామ గోడకు ఆనుకొని, మోకాళ్ళ మీద చేతులు పెట్టి కూర్చున్నాడు. నేను మళ్ళీ తొట్టి దగ్గరికి పోయాను.

పట్వారి ఇప్పుడు తోక కూడా ఆడించడం లేదు. అరచేతిలో పడుకోబెట్టి, పొట్ట మీద వేలుతో ఒత్తబోయాను.

"ఒత్తకు," అన్నాడు మామ వెనక నుంచి. మాటకు మాటకు మధ్య ఈల వేసినట్టు ఊపిరి. "పండవెట్టకు... కూసోబెట్టు దాన్ని."

"చేపను కూసోబెడతరా మామా!"

"నాకెర్కనే... గాలి అందుతలేదంటరు అందరు. అందుడు గాదు... లోపటికి పోయిన గాలి బయటికి రాదు. పండుకుంటె సస్త. కూసుంటె... మెల్లగ పోతది. తల మీదికి పెట్టు."

నీళ్ళలోనే రెండు వేళ్ళ మధ్య పట్టుకొని, తోక కిందికి, మూతి పైకి నిలబెట్టాను. గట్టిగా పట్టలేదు, వదల్లేదు. "వదులు బిడ్డా," అన్నాను. "వదులు, నేను పట్టుకున్న గదా." ఏమీ కాలేదు. కొంచెం అటూ ఇటూ ఊపాను. నా కళ్ళ నీళ్ళు తొట్టిలో పడ్డాయి. ఇన్నాళ్ళు ఉప్పు వెయ్యమని సర్దార్ భాయ్ చెప్తే వినని దాన్ని.

ఆవగింజంత బుడగ ఒకటి మూతి నుంచి వచ్చి పైకి పోయింది.

"ఎల్లింది," అన్నాడు మామ. స్టూలు పట్టుకొని, మోకాళ్ళ మీద జరుగుతూ తొట్టి దాకా వచ్చాడు. ఇంకో బుడగ. మళ్ళీ ఇంకో రెండు. నా వేళ్ళ మధ్య ఆ బిగువు తగ్గడం నాకు తెలుస్తూ ఉంది. చివరికి ఒకేసారి బుడబుడమని గాలంతా పోయి, పట్వారి ముడతలు పడిన సంచిలాగా అయి, జారి నాచు అడుగుకు పోయింది. అక్కడ ఆగి, మొప్పలు ఆడించింది. నేను తడి చెయ్యి చీరకు కూడా తుడుచుకోకుండా నేల మీద కూలబడ్డాను.

మామ ఇంకా తొట్టి అంచు పట్టుకునే ఉన్నాడు. ఊపిరి ఇంకా లోపలే చిక్కుకొని ఉంది, వీపు ఎగిరెగిరి పడుతోంది. గోలీ ఇంకా తన పని మొదలుపెట్టలేదు.

"గట్ల నన్ను ఎవ్వరు పట్టుకోలే కోడలా," అన్నాడు చేప వైపే చూస్తూ. "మీ అత్త సుత... అంటుకుంటదని... ఆ మూలకు పోయి కూసునేది. నేను ఒక్కన్నే గోడకు... ఆనుకొని..."

మా వైపు కోడలు మామ ఎదురుగా మంచం మీద కూర్చోదు. ఒంటి మీద చెయ్యి వెయ్యడమంటే నలుగురూ నాలుగు నెలలు చెప్పుకుంటారు. ఆటో కోసం పోయిన పక్కింటామె ఎప్పుడైనా వాకిట్లోకి రావచ్చు. రానీ, కళ్ళారా చూడనీ, ఈసారి జాలిపడడానికి మంచి కారణం దొరుకుతుంది.

నేను ఆయన వెనక్కి జరిగాను. ఒక చెయ్యి ఛాతీకి అడ్డం పెట్టి, ఇంకో చెయ్యి వీపు మీద ఆనించి, నిటారుగా కూర్చోబెట్టాను. అంగీ తడిసి, ఆ తడి కింద ఎముకలన్నీ చేతికి తగిలాయి. ఆ మనిషి అంత తేలికగా ఉంటాడని నేను అనుకోలేదు.

"వదులు మామా," అన్నాను. "మెల్లగ వదులు. తొందరేం లేదు."